ఈరీ సరస్సు ఐస్ చార్టులో ఎరుపు అంటే ఏమిటి? శనివారం లోపు చెప్పగలరా

తొలకరి_చినుకు | కొలంబస్, ఒహాయో | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు టొలీడోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. వచ్చే శనివారం రూమ్మేట్లతో కలిసి పోర్ట్ క్లింటన్ దగ్గర ఈరీ సరస్సు మీద నడిచి వెళ్లి, లోపల చేపలు పట్టేవాళ్లు వేసుకునే గుడారాలు చూసి వస్తానంటున్నాడు. నేను వద్దన్నాను. వాడు కెనడా వాళ్ల ఐస్ చార్టు (సరస్సు మీద ఐస్ ఎక్కడెంత ఉందో చూపే పటం) పంపించి, "అక్కా, పడమటి వైపంతా పదింట తొమ్మిది వంతులకు పైగా ఐసే, ఇంకా భయమెందుకు" అన్నాడు.

చార్టు తెరిచి చూశాను. ఒడ్డు వెంబడి బూడిద రంగు, లోపల ఎరుపు, అక్కడక్కడా నారింజ. ప్రతి ముక్కకీ ఒక కోడిగుడ్డు బొమ్మ, అందులో అంకెలు. మా ఆయనేమో "ఎరుపు ప్రమాదం, బూడిద రంగు చోట ఐస్ లేదు" అంటారు. తమ్ముడేమో "ఎరుపంటే గట్టిగా ఉన్నట్టు" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నాకు తెలియదు.

వాడిని ఆపడానికి నా దగ్గర భయం తప్ప కారణం లేదు. 2022 డిసెంబరులో ఆరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లి మన తెలుగువాళ్లు ముగ్గురు చనిపోయారని చదివినప్పటి నుంచి ఈ మాట వింటేనే టెన్షన్. చార్టు చదవడం నేర్పితే వాడితో సరిగ్గా మాట్లాడగలను. దయచేసి చెప్పండి.

లంగరు | డులూత్, మిన్నెసోటా | మంగళవారం రాత్రి 10:15

అమ్మా, మీ ఆయన చెప్పిందీ తప్పే, తమ్ముడు చెప్పిందీ తప్పే. ఆ రంగులు చెప్పేది ఒక్కటే, నీళ్ల మీద ఎంత భాగం ఐస్ కప్పిందని. ఎరుపంటే పదింట తొమ్మిది, పది వంతులు. నారింజ ఏడెనిమిది, పసుపు నాలుగు నుంచి ఆరు, ఆకుపచ్చ ఒకటి నుంచి మూడు. బూడిద రంగంటే ఒడ్డుకు అతుక్కుపోయి కదలకుండా ఉన్న ఐస్. ఐస్ ఎంత మందం ఉందో రంగు చెప్పదు. కాగితమంత పల్చని పొర సరస్సంతా పరుచుకున్నా చార్టు ఎర్రగానే ఉంటుంది.

నేను పన్నెండేళ్లుగా ఈ సరస్సుల్లో తిరిగే ఖనిజం ఓడల్లో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఆ చార్టు గీసేది మా ఓడల కోసం. ఓడ ఎటు పోతే చిక్కుకుపోతుందో మాకు తెలియాలి. మనిషి కాలు పెట్టొచ్చా అన్న ప్రశ్న వేసుకుని దాన్ని ఎవరూ గీయలేదు. ఆ గుడ్డు సంగతి గోదారి_గట్టు వస్తే వివరంగా చెబుతారు.

గోదారి_గట్టు | ఆన్ ఆర్బర్, మిషిగన్ | బుధవారం ఉదయం 7:05

నేను ఇక్కడ ఉపగ్రహ చిత్రాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అక్కా, ఆ గుడ్డును "ఎగ్ కోడ్" అంటారు. ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన పద్ధతి. సముద్రపు ఐస్‌కి, సరస్సు ఐస్‌కి కూడా ఇదే గుడ్డు, మందాల పట్టిక మాత్రం వేరు. పై నుంచి కిందికి చదవాలి.

అన్నిటికన్నా పైన ఉండే అంకె మొత్తం కప్పు. 9 అంటే పదింట తొమ్మిది వంతులు. దాని కింది వరసలో ఆ తొమ్మిదినీ రకాలుగా విడగొడతారు. ఉదాహరణకు 6, 3 అని ఉందనుకో. మూడో వరస ఆ రకాల మందం. మనకు కావలసింది ఇక్కడుంది. 1 అంటే కొత్త ఐస్, 5 సెంటీమీటర్ల లోపు. 4 అంటే పల్చనిది, 5 నుంచి 15. 5 అంటే మధ్యరకం, 15 నుంచి 30. 7 అంటే మందమైనది, 30 నుంచి 70. ఒకటి పక్కన చుక్క ఉంటే 70 దాటినట్టు. నాలుగో వరస ముక్కల సైజు. 3 అంటే 20 నుంచి 100 మీటర్ల పలకలు, 5 అంటే అర కిలోమీటరు నుంచి 2 కిలోమీటర్ల పలకలు, 8 అంటే ఒడ్డుకు అతుక్కున్నది.

ఇప్పుడు 9, కింద 6 3, దాని కింద 5 4, చివర 5 3 అనే గుడ్డు చూడు. ఆ ముక్కలో పదింట ఆరు వంతులు 15–30 సెంటీమీటర్ల మందంతో పెద్ద పలకలు. మూడు వంతులు 5–15 సెంటీమీటర్లతో చిన్న పలకలు. మిగిలిన ఒక వంతు నీళ్లు. ఆ ముక్క వంద చదరపు కిలోమీటర్లుంటే పది చదరపు కిలోమీటర్లు నీళ్లే. ఆ నీళ్లు ఎక్కడున్నాయో చార్టు చూపించదు.

ఇంకో విషయం. మందం దగ్గర కనిపించే 4ని చాలామంది 4 అంగుళాలు అనుకుంటారు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ మనిషి నడవడానికి చెప్పే కనీస మందం 4 అంగుళాలు కాబట్టి ఈ పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. కోడ్ 4 అంటే 2 అంగుళాలు కావచ్చు, 6 అంగుళాలు కావచ్చు. చార్టులో రెండిటికీ ఒకే అంకె. మొదటిది మనిషిని మింగేస్తుంది, రెండోది మోస్తుంది. పైగా ఆ 4 అంగుళాల లెక్క అద్దంలా తేటగా ఉండే కొత్త ఐస్‌కి. మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల ఐస్‌కి బలం సగమే అనుకోమంటారు, కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి.

తొలకరి_చినుకు | బుధవారం ఉదయం 8:20

తమ్ముడు చూపించిన ముక్క గుడ్డులో పైన 9, తర్వాత 5 4, దాని కింద 5 4, చివర 5 4 ఉంది. నువ్వు చెప్పినట్టు చదివితే సగం మధ్యరకం, నాలుగు వంతులు పల్చనిది. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. ఈ చర్చ లింకు వాడికి పంపాను. కోపం వచ్చినట్టుంది, వాడే ఇక్కడ రాస్తానన్నాడు.

టొలీడో_కుర్రాడు | టొలీడో, ఒహాయో | బుధవారం మధ్యాహ్నం 1:10

నమస్తే అండి. తమ్ముణ్ని నేనే. కోపం ఏమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే రాస్తున్నాను. గత ఆదివారం కటావ్బా దగ్గర ఒడ్డున నిలబడి చూస్తే వందకు పైగా గుడారాలు, స్నోమొబైళ్లు (మంచు మీద నడిపే బండ్లు) కనిపించాయి. వాళ్లంతా ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లే కదా. అంత బరువు మోసే ఐస్ మమ్మల్ని నలుగుర్ని మోయదా? మేం బూడిద రంగు దాటి వెళ్లం. అది ఒడ్డుకు అతుక్కున్నదే కదా, ఇంకెక్కడికి పోతుంది?

లంగరు | బుధవారం సాయంత్రం 5:45

బాబూ, అడిగి మంచి పని చేశావు. ఆ గుడారాల వాళ్ల చేతిలో ఐస్‌కి బొరియ వేసే ఆగర్ ఉంటుంది, అడుగడుక్కీ పొడిచి చూసే ఇనుప గడ ఉంటుంది, మెడలో ఐస్ పట్టుకుని పైకి పాకే మేకులుంటాయి. చాలామంది ఒంటి మీద తేలే సూట్ వేసుకుంటారు. ఇన్ని ఉన్నా ఒక్కోసారి వాళ్లకే తప్పలేదు.

2009 ఫిబ్రవరి 7. నువ్వు వెళ్తానంటున్న చోటుకి కాస్త పడమరగా, ఓక్ హార్బర్ వైపు. అది కూడా శనివారమే. చలి తగ్గింది, దక్షిణం వైపు నుంచి గాలి లేచింది. ఒడ్డుకూ లోపలి ఐస్‌కూ మధ్య ఒక బీట ఉందని పొద్దున వెళ్లినప్పుడే అందరికీ తెలుసు. దాని మీద చెక్కలు వేసుకుని దాటారు. తర్వాత ఆ బీట వెడల్పయింది. 130 మందికి పైగా ఉన్న ఐస్ పలక ఒడ్డును వదిలి సరస్సులోకి జరిగిపోయింది. హెలికాప్టర్లు, ఎయిర్‌బోట్లు వచ్చి వాళ్లను తెచ్చాయి. ఒకాయన మాత్రం నీళ్లలో పడి చనిపోయాడు. వాళ్ల కాళ్ల కింద ఐస్ విరగలేదు, మందం సరిపోయింది. ఐస్ మనిషిని మోయగలదు సరే, మోసుకుపోగలదు కూడా.

ఇప్పుడు నీ శనివారం సంగతి. నేను గాలి సూచన చూశాను. శుక్రవారం రాత్రి నుంచి దక్షిణ నైరుతి. మీ వైపు ఒడ్డు ఉత్తరానికి తిరిగి ఉంది. దక్షిణపు గాలి అంటే ఐస్‌ని ఒడ్డు నుంచి తోసే గాలి. బూడిద రంగు ఒడ్డుకు అతుక్కున్నదనే మాట చార్టు గీసిన గంటకు నిజం. అతుక్కున్నది ఊడిపోతుంది కూడా. చార్టులో మొట్టమొదట చూడాల్సింది రంగూ కాదు, గుడ్డూ కాదు, పక్కన వేసిన తేదీ, సమయం.

బఫెలో_చలి | బఫెలో, న్యూయార్క్ | బుధవారం సాయంత్రం 6:30

లంగరు అన్న చెప్పిన దానికి ఇంకొకటి కలపాలి. ఈరీ సరస్సు పడమర నుంచి తూర్పుకి పొడుగ్గా ఉంటుంది. సగటు లోతు 19 మీటర్లే. నైరుతి గాలి గట్టిగా వీస్తే పళ్లెం వంచినట్టు నీళ్లు మా బఫెలో వైపు చేరతాయి, టొలీడో దగ్గర మట్టం పడిపోతుంది. దీన్ని సైష్ అంటారు. పెద్ద తుఫాను గాలికి రెండు కొసల మధ్య ఆరేడు అడుగుల తేడా రావడం ఉంది. కింద నీరు దిగితే ఒడ్డున అతుక్కున్న ఐస్ ఆసరా లేక వేలాడి నెర్రెలు ఇస్తుంది. గాలి ఆగగానే నీరు వెనక్కి వచ్చి దాన్ని పైకి ఎత్తుతుంది. ఒక్క పూటలో ఈ రెండూ జరగొచ్చు. మందం కొలిచి నిలబడ్డ చోటే ఇలా అవుతుంది.

మా ఊళ్లో ఐస్ లెక్క లేకపోతే కరెంటు కూడా సరిగ్గా రాదు. ఈరీ నీళ్లు నయాగరా నదిలోకి పోయే చోట 1964 నుంచి ప్రతి శీతాకాలం ఐస్ బూమ్ వేస్తున్నారు. స్టీలు గొట్టాలను గొలుసులా కట్టి నీటి మీద తేలేస్తారు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు. నీటి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్‌కి దిగగానే, లేదా డిసెంబరు 16న, ఏది ముందైతే అప్పుడు వేయడం మొదలుపెడతారు. దాని వెనక ఐస్ కుదురుకుని వంతెనలా కడుతుంది. అది కట్టుకుంటే నదిలోకి ముక్కలు కొట్టుకొచ్చి జలవిద్యుత్ కేంద్రాల నీటి దారులకు అడ్డం పడటం తగ్గుతుంది. తీయడానికీ లెక్కే. తూర్పు ఈరీలో 650 చదరపు కిలోమీటర్ల కన్నా ఎక్కువ ఐస్ మిగిలి ఉంటే ఏప్రిల్ 1 దాటినా తీయకుండా ఆగుతారు. ఆ 650ని చెప్పేది ఈ చార్టులు, విమానంలో వెళ్లి చూసినవాళ్ల లెక్కలు.

బూమ్ లేని రోజుల్లో, 1938 జనవరి 27న, నయాగరా జలపాతం కింద ఐస్ పేరుకుని హనీమూన్ బ్రిడ్జి కాళ్లను తోసేస్తే వంతెన మొత్తం లోయలో పడింది. నయాగరా చూడటానికి వెళ్లేవాళ్లు ఫొటోలు దిగేటప్పుడు రెయిన్‌బో బ్రిడ్జి చూస్తారు కదా, అది దాని తర్వాత కట్టిందే.

పాత_పటాలు | హైదరాబాద్ | గురువారం ఉదయం 6:10, భారత కాలమానం

పిల్లలూ, ఈ చర్చ చదివి నిద్ర పట్టలేదు. నేను రిమోట్ సెన్సింగ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా పని వరదలు, పంటలు, చెరువులు. కానీ చేతిలో ఉన్న పనిముట్టు ఒకటే, రాడార్.

చార్టు ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఈ పెద్ద సరస్సుల మీద శీతాకాలమంతా మబ్బే. వెచ్చని నీటి మీద చల్లగాలి పోతుంటే అక్కడికక్కడే మేఘం పుడుతుంది. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహం ఎన్నో రోజులు తెల్లటి మబ్బును తప్ప ఏమీ చూడదు. రాడార్ మబ్బును దాటి చూస్తుంది, రాత్రిపూట కూడా చూస్తుంది. అందుకే కెనడా 1995లో రాడార్‌శాట్ పంపింది, ఇప్పుడు 2019లో పంపిన మూడు ఉపగ్రహాల గుంపు తిరుగుతోంది. యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉంది.

రాడార్ బొమ్మలో ఐస్ అని రాసి ఉండదు. గరుకుగా ఉన్నది తెల్లగా, నున్నగా ఉన్నది నల్లగా వస్తుంది. గాలికి అలలు లేచిన నీళ్లు తెల్లగా వచ్చి విరిగిన ఐస్‌లా కనిపిస్తాయి. పాల మీద మీగడలా అప్పుడే కట్టిన నున్నటి ఐస్ నల్లగా వచ్చి నిలకడ నీళ్లలా కనిపిస్తుంది. ఐస్ మీద మంచు తడిస్తే రాడార్ కిరణం అందులోనే ఇంకిపోతుంది. ఇన్ని తికమకల మధ్య కూర్చుని ఒక మనిషి, నిన్నటి చార్టు, గాలి, ఉష్ణోగ్రత, ఓడలవాళ్లు పంపిన కబుర్లు పక్కన పెట్టుకుని, చేత్తో గీత గీస్తాడు. ఒటావాలోని కెనడా ఐస్ సర్వీసూ, మేరీలాండ్‌లోని అమెరికా నేషనల్ ఐస్ సెంటరూ ఆ పని పంచుకుంటాయి. ఆ గీత వెనక ఉన్నది అనుభవం ఉన్న మనిషి అంచనా. నాకు దాని మీద ఎంతో గౌరవం. అయినా అంచనా అంచనాయే.

ఇంకో మాట. మన భాషలో మంచు అనే ఒక్క మాటతో పొద్దున్నే గడ్డి మీద పడేదాన్నీ, కళ్లకు అడ్డం వచ్చే పొగమంచునూ, ఆకాశం నుంచి రాలేదాన్నీ, నీరు గడ్డకట్టినదాన్నీ పిలుస్తాం. ఆ పిల్లవాడు "మంచు మీద నడుస్తాం" అంటే ఇంట్లో పెద్దలకు కశ్మీర్ ఫొటోలో తెల్లటి నేల గుర్తొస్తుంది. కింద నీళ్లున్నాయని తట్టదు. కాబట్టి ఇంట్లో మాట్లాడేటప్పుడు "గడ్డకట్టిన నీళ్ల మీద" అనండి. వినేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

గోదారి_గట్టు | బుధవారం రాత్రి 8:50

సార్, మీరు రాసింది చదివి మా ల్యాబ్‌లో అందరికీ చెప్పాను. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహం దీనికి పనికొస్తుందా? పొడవాటి తరంగాలు వాడే ఎల్ బ్యాండ్ రాడార్ కదా, ఐస్ లోపలి సంగతి ఇంకా ఎక్కువ తెలుస్తుందని నా ఆశ.

పాత_పటాలు | గురువారం ఉదయం 8:05, భారత కాలమానం

ఆశ తప్పు కాదమ్మా. శ్రీహరికోట మాట వింటే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ అది పాత దారికి తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది. ఒకే చోటును ఆ 12 రోజుల్లో రెండుసార్లు చూస్తుంది. ఐస్ ఎలా పెరుగుతుంది, ఎలా పగులుతుంది అని చదువుకోవడానికి బాగుంటుంది. పొద్దున్న ఉన్న ఐస్ సాయంత్రానికి కదిలిపోయే సరస్సులో రోజువారీ చార్టుకి అదొక్కటే చాలదు. గుంపుగా తిరిగే ఉపగ్రహాలు కావాలి.

నల్లరేగడి | విండ్సర్, ఒంటారియో | గురువారం ఉదయం 9:30

ఈ ఏడాది మా దగ్గర డెట్రాయిట్ నదిలో కూడా ఐస్ పలకలు దిగుతున్నాయి. ఇంత చలి చూసి మా ఆఫీసులో ఒకాయన "వేడెక్కడం అంతా అబద్ధం" అన్నారు. చార్టుల చరిత్ర చూసినవాళ్లు దీనికి ఏమంటారు? నాకు వాదన వద్దు, లెక్క కావాలి.

గోదారి_గట్టు | గురువారం ఉదయం 10:40

లెక్క ఉంది. మా ఊళ్లోనే ఉన్న గ్రేట్ లేక్స్ పరిశోధనశాల 1973 నుంచి గ్రేట్ లేక్స్ అనే ఈ ఐదు పెద్ద సరస్సుల ఐస్ రికార్డు పెట్టింది. ఏటా ఒక రోజున కప్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది కదా, ఆ శాతాల దీర్ఘకాలిక సగటు 53. కానీ సగటు దగ్గర ఆగే ఏడాదులు తక్కువ. 1979లో 94.7 శాతం. 2014లో 92.5. 2019లో 80.9, మరుసటి ఏడాదే 19.5. 2002లో సుమారు 12 శాతం, 2024లో 16. ఒక ఏడాదిని పట్టుకుని ఎటువైపు వాదించినా నిలబడదు. యాభై ఏళ్లు కలిపి గీత గీస్తే దశాబ్దానికి దాదాపు 5 శాతం చొప్పున దిగుతోంది.

సరస్సు సరస్సుకీ తేడా కూడా ఉంది. ఈరీ లోతు తక్కువ కాబట్టి త్వరగా చల్లారి త్వరగా గడ్డకడుతుంది. ఒంటారియో సరస్సు విస్తీర్ణంలో ఈరీ కన్నా చిన్నదే, సగటు లోతు మాత్రం 86 మీటర్లు. లోపల దాచుకున్న వేడి వల్ల చాలా ఏళ్లు దాని నడుమ నీళ్లు తెరుచుకునే ఉంటాయి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు. పైన చల్లబడ్డ నీరు 4 దాకా కిందికి మునుగుతూ, కింది వెచ్చని నీటిని పైకి పంపుతూ ఉంటుంది. మొత్తం లోతు 4కి వస్తే తప్ప పైపొర సున్నాకి దిగి నిలవదు. లోతైన సరస్సుకి ఆ పని తెమలడానికే శీతాకాలం సగం అయిపోతుంది.

ఐస్ లేకపోతే ఏం పోయింది అనే వాళ్లకు ఒడ్డున ఇళ్లున్నవాళ్లను అడగమనండి. జనవరి తుఫాను అలలు ఐస్ గట్టుకు కొట్టుకుని ఆగాల్సింది, నేరుగా మట్టిని కోస్తాయి. వైట్‌ఫిష్ అనే చేప నవంబరులో రాళ్ల మీద గుడ్లు పెడుతుంది. వాటికి శీతాకాలపు అలల నుంచి కాపు ఐస్ కప్పే.

బఫెలో_చలి | గురువారం ఉదయం 11:15

ఐస్ కట్టినా మాకు చిక్కే. ఈరీ గడ్డకడితే లేక్ ఎఫెక్ట్ స్నో (సరస్సు నీటి ఆవిరితో పుట్టి ఒడ్డున కురిసే మంచు) ఆగుతుందని ఊళ్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. 1976లో డిసెంబరు నడిమికే సరస్సు గడ్డకట్టింది. తర్వాత పడ్డ మంచంతా ఐస్ మీద మెత్తటి పొడిగా పేరుకుంది. 1977 జనవరి 28న గాలి లేచి ఆ పొడినంతా ఊళ్లోకి మోసుకొచ్చింది. ఆకాశం నుంచి పడింది తక్కువ, సరస్సు మీది నుంచి వచ్చిందే ఎక్కువ. కార్లు ఉన్నచోటే పూడుకుపోయాయి. ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ తుఫాను గురించి చెబుతుంటారు.

లంగరు | గురువారం మధ్యాహ్నం 12:30

మా సుపీరియర్ సరస్సు సంగతి కూడా రాస్తాను. ఓడలు సుపీరియర్ నుంచి కింది సరస్సుల్లోకి దిగే సూ లాకులు జనవరి 15న మూస్తారు, మార్చి 25న తెరుస్తారు. తెరిచిన మొదటి వారాలే మాకు గండం. ఒక ఏడాది మార్చి చివర్లో మా ఓడ వైట్‌ఫిష్ బేలో రెండు రోజులు ఇరుక్కుంది. చార్టులో ఆ ముక్క మందం మధ్యరకమే. కానీ వాయువ్య గాలి పలకలను ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి ఆ బే మూలలోకి కుక్కేసింది. అలా పేరుకున్న గుట్టలను విండ్రో అంటారు. పైకి మూడు నాలుగు అడుగులు కనిపిస్తే కింద ఎంత దిగిందో తెలియదు. ఇంజిన్ పూర్తిగా ఇచ్చినా ఓడ ఊగుతుంది, కదలదు. కోస్ట్ గార్డ్ ఐస్ బ్రేకర్ మాకినా వచ్చి మా పక్క నుంచి దారి కోసి తీసుకుపోయింది. అప్పటి నుంచి నేను ఇంజిన్ రూములో ఉన్నా సరే, డ్యూటీ దిగగానే ఓడ నడిపే బ్రిడ్జి మీదికి వెళ్లి ఆ రోజు చార్టు, గాలి బాణాలు పక్కపక్కన పెట్టి చూస్తాను.

వెన్నెల_వాన | మాడిసన్, విస్కాన్సిన్ | గురువారం సాయంత్రం 4:00

ఉపగ్రహాల కన్నా ముందు కళ్లే ఉన్నాయి కదా. మా మెండోటా సరస్సు ఏ రోజు గడ్డకట్టింది, ఏ రోజు తెరుచుకుంది అన్న రికార్డు 1850ల నుంచి ఉంది. పిక్నిక్ పాయింట్ నుంచి మేపుల్ బ్లఫ్‌కి తెడ్డు పడవలో పోగలమా లేదా అన్నదే కొలబద్ద. పోలేకపోతే సరస్సు మూసుకున్నట్టు. ఇంత సాదా కొలత కాబట్టే అన్నేళ్లు ఒకే తీరుగా నిలిచింది.

జపాన్‌లో సువా సరస్సు ఉంది. ఐస్ బీటలిచ్చి అంచులు గట్టులా పైకి లేస్తే, దాన్ని దేవుడు సరస్సు దాటిన అడుగుజాడగా అక్కడి షింటో పూజారులు రాసి పెట్టేవారు. 1443 నుంచి రాశారు. ఇప్పుడు చాలా ఏళ్లు రాయడానికి అక్కడ ఏమీ ఉండటం లేదు. అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది.

హ్యూరాన్ సరస్సులోని మాకినా దీవిలో మరో పద్ధతి. ఒడ్డు దాకా ఐస్ కట్టిన ఏడాది ఊళ్లోవాళ్లు ఐస్‌ను పరీక్షించుకుంటూ వెళ్లి, పండగ అయిపోయాక మిగిలిన క్రిస్మస్ చెట్లను దారి పొడుగునా పాతుతారు. స్నోమొబైళ్లు ఆ చెట్ల వెంటే పోతాయి. పక్కకు పోరు.

టొలీడో_కుర్రాడు | గురువారం రాత్రి 11:20

అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. రూమ్మేట్లకు కూడా వినిపించాను. శనివారం ఐస్ మీదికి వెళ్లం. బదులుగా మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ దగ్గర ఒడ్డు మీద నుంచే చూస్తాం. గాలి దక్షిణ నైరుతి అన్నారు కాబట్టి ఏం జరుగుతుందో గంట గంటకూ ఫొటో తీసి చార్టుతో పోల్చుకుంటాను. ఒక ప్రశ్న. చార్టు మీద 18 యూటీసీ (గ్రీనిచ్ కాలమానం) అని ఉంది. అంటే ఇక్కడ మధ్యాహ్నం 1 గంట కదా?

గోదారి_గట్టు | గురువారం రాత్రి 11:45

అవును తమ్ముడూ. శనివారం పొద్దున నువ్వు తెరిచేది శుక్రవారం మధ్యాహ్నం 1 గంట నాటి బొమ్మ. ఆ తేడా గుర్తుపెట్టుకుని చూడు. ఫొటోల్లో సమయం పడేలా పెట్టు, నాకూ పనికొస్తాయి.

తొలకరి_చినుకు | శుక్రవారం ఉదయం 6:55

రాత్రి వాడు ఫోన్ చేసి గుడ్డు చదవడం నాకే నేర్పాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

టొలీడో_కుర్రాడు | ఆదివారం సాయంత్రం 5:30

చూసింది చూసినట్టు రాస్తున్నాను. నిన్న పొద్దున తొమ్మిదికి చేరాం. కనుచూపు మేరా తెల్లగా, గట్టి నేలలా ఉంది. నాకే ఒక్క నిమిషం దిగుదామనిపించింది. పదకొండుకి గాలి పెరిగింది. పన్నెండున్నరకు కూడా తేడా ఏమీ కనిపించలేదు. రెండు గంటలప్పుడు దూరంగా నల్లటి గీత ఒకటి కనిపించింది. మబ్బు నీడ అనుకున్నాం. మూడున్నరకు అది రోడ్డంత వెడల్పైంది, ఆవిరి లేస్తోంది. ఐస్ కింద నుంచి ఎవరో పెద్ద ఇనుప తీగను లాగి వదిలినట్టు శబ్దాలు వచ్చాయి. గుడారాల వాళ్లు మాత్రం పొద్దున్నుంచీ పడమటి వైపు దీవుల నీడలోనే ఉన్నారు, ఒంటిగంటకల్లా సర్దుకుని వెళ్లిపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు.

శనివారం 18 యూటీసీ చార్టులో అక్కడంతా ఎరుపే. ఆ గీత పుట్టింది దాని తర్వాత కదా. ఈ రోజు చార్టులో బూడిద రంగుకీ ఎరుపుకీ మధ్య సన్నని ఆకుపచ్చ పట్టీ వచ్చింది. దాని గుడ్డులో పైన 3, మందం దగ్గర 1. అంటే రాత్రి చలికి ఆ నీళ్ల మీద అప్పుడే మీగడ కడుతోందనా?

గోదారి_గట్టు | ఆదివారం సాయంత్రం 6:10

సరిగ్గా చదివావు. రాత్రి మైనస్ 12, గాలి కూడా పడిపోయింది. రేపటి చార్టులో ఆ పట్టీ మళ్లీ ఎరుపు కావచ్చు. అప్పుడు పైన 9 చూసి ఆగకు. మూడో వరసలో ఇంకా ఆ 1 ఉంటుంది, చూసి ఇక్కడ రాయి.